మూడు కంప్యూటర్లలోనూ మిగిలినవాడు

లాకు తలుపుల మీంచి నీళ్ళు దూకిన వరద వచ్చింది చూడండి, దాని మరుసటేడు జరిగింది ఇది. మా కాలవ మీద ఏళ్ళని అలాగే చెప్పుకుంటాం. పశువుల వరద, ఎర్రనీళ్ళ వరద, లాకు వరద. అంకెలు కావలసినవాళ్ళు ఆఫీసుల్లో అడగొచ్చు.

నేను ఆ లాకు దగ్గర లస్కరుగా చేశాను. పడవ వస్తే తలుపులు తియ్యాలి, పోతే వెయ్యాలి. పడవవాడు కేకేస్తాడు, నేను చక్రం తిప్పుతాను. ఆ పనిలో మాటల అవసరం పడదు. ఇది కూడా రెండు మాటల్లో చెప్పేద్దామనుకున్నాను. ఆఫీసుల సంగతి కదా, కుదరలేదు.

వరదకి మా మట్టిల్లు కూలిపోలేదు, కరిగిపోయింది. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే ఇల్లున్న చోట ఎవరో నున్నగా అలికి వెళ్ళినట్టుంది. టేకు ద్వారబంధం ఒక్కటి మాత్రం కొట్టుకొచ్చి లాకు తలుపుకి అడ్డంపడి ఆగింది. మా ఆవిడ ఆదెమ్మ నడుంలోతు నీళ్ళలోకి దిగి దాన్ని వాటేసుకుంది. నేను ఇద్దర్నీ కలిపి పైకి లాగాను.

అప్పట్నించి గట్టు మీద టార్పాలిన్ కింద మేం పడుకుంటే మా పక్కన అదీ పడుకునేది. శుక్రవారం వచ్చిందంటే ఆదెమ్మ పడుకున్న గడపకే పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టేది. దారిన పోయేవాళ్ళు చూసి నవ్వితే, "గడప ఉంది, ఇల్లే రావాలి. ఎనకాల వొస్తాది," అనేది.

నాతో మాత్రం వేరేగా అనేది. "వానలు పడేలోగా ఇది నిలబడాలయ్యా. గడప పడుకుంటే నాకు నిద్దరట్టదు."

ఆ ఏడాది మాకున్న కోరిక అదొక్కటే.

స్థలం మాదే. ఇటిక దొరికింది, ఇసక దొరికింది, మేస్త్రీ వస్తానన్నాడు. ముగ్గు పోసి తవ్వడమే తరువాయి అనుకుంటుండగా ఆటోలో మైకు పెట్టుకుని చెప్పుకుంటూ వచ్చారు. ఇకమీదట వరద ప్రాంతంలో ఇల్లు కట్టదలచినవారు ముందుగా ఆ ఇంటిని కంప్యూటర్లో కట్టి చూపించవలెను. మూడు ఆఫీసుల వారు చూచి సమ్మతించవలెను. అప్పుడు మాత్రమే నేల మీద కట్టవలెను.

మూడు ఆఫీసులూ ఒకే మేడలో, ఒకే వరండాలో, ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. పురపాలక ఆఫీసు, వరద రక్షణ ఆఫీసు, గృహ వసతి ఆఫీసు. టీ ముగ్గురికీ ఒకే ప్లాస్కులోంచి వస్తుంది. ఇళ్ళ నమూనాలు చూసే కంప్యూటరు ప్రోగ్రాములు మాత్రం మూడు. ఒకరి దాంట్లో గీసింది ఒకరి దాంట్లో తెరుచుకుంటుందని వాళ్ళు అంటారు. తెరుచుకోవడం నేను కళ్ళారా చూశాను. అబద్ధం కాదు.

*

బస్టాండు ఎదురుగా దివాకరం అనే కుర్రాడు ప్లానులు గీసే కొట్టు పెట్టాడు. అతని దగ్గరున్న ప్రోగ్రాము పేరు గృహశిల్పి. ఆ మూడింటిలో ఏదీ కాదు, నాలుగోది. మనిషి మహా హుషారు. మమ్మల్ని చూడగానే రెండు కుర్చీలు దులిపాడు.

"పిన్నిగారూ, మీరలా చెప్తా ఉండండి, ఇలా ఇల్లు లేచిపోద్ది."

ఆదెమ్మ కళ్ళు మూసుకుని చెప్పింది. తూర్పు ముఖం. ముందు అరుగు. లోపల నడవ. పక్కన గది. వెనక వంటిల్లు. వంటింటికి పెరటి తలుపు. కళ్ళు తెరిచేసరికి తెర మీద ఇల్లుంది. రంగులతో సహా ఉంది. మా ద్వారబంధం కొలతలు ఇస్తే అదీ తెచ్చి గుమ్మంలో నిలబెట్టాడు. ఆదెమ్మ తెరని చేత్తో తడిమింది.

అంతలో దివాకరం ఒక మీట నొక్కాడు. అరుగు పక్కన గొడుగేసుకున్న మనిషొకడు వచ్చి నిలబడ్డాడు.

"ఎవరీయన?" అంది ఆదెమ్మ.

"మనిషండి. ఇల్లెంత ఎత్తో తెలియడానికి పెడతాం. మా గురువుగారు పెట్టీవోరు, నేనూ పెడతన్నాను. నేను గీసిన ఇళ్ళన్నిటికీ ఈయనేనండి."

"ఏ ఇంటి ముందైనా ఈయనే?"

"ఈయనేనండి."

"మరి ఆళ్ళావిడేవీ అనదా?"

దివాకరం పడీ పడీ నవ్వాడు. ఆదెమ్మ నవ్వలేదు. "నవ్వులాటకి కాదు బాబూ. నా గుమ్మం ముందు పరాయి మగోడు గొడుగేసుకు నించుంటే నలుగురూ ఏవనుకుంటారు? తీసెయ్యి."

"తీసేస్తే ఇల్లు బోసిపోద్దండి పిన్నిగారూ. బాబాయిగారూ, మీరైనా చెప్పండి."

ఇద్దరూ నా వైపు చూశారు.

"ఉండనీ," అన్నాను.

ఆ ఏడాది మొత్తమ్మీద నేనన్న మాటల్లో పనికొచ్చింది అదొక్కటే.

*

పురపాలక ఆఫీసులో నమూనాలు చూసే అధికారి విఠల్ ప్రసాద్ గారు. చొక్కా జేబులో నాలుగు కలాలుంటాయి, ఏదీ రాయదు. వారి ప్రోగ్రాము నగరదర్శిని. దివాకరం మా ఇంటిని పెన్‌డ్రైవనే చిన్న పుల్లలో పెట్టి తెచ్చి వారి కంప్యూటర్‌కి గుచ్చాడు. ఇల్లు తెర మీదకి వచ్చింది. గోడలున్నాయి, కప్పుంది, అరుగుంది, గొడుగు మనిషీ ఉన్నాడు.

తలుపులు లేవు. వీధి తలుపు లేదు, పెరటి తలుపు లేదు, లోపల గదికీ లేదు. చుట్టూ గోడే.

"ద్వారరహిత గృహం," అన్నారు విఠల్ ప్రసాద్ గారు, రుచి చూసినట్టు.

దివాకరం నా చెవిలో చెప్పాడు. "మన దాంట్లో తలుపంటే తలుపేనండి బాబాయిగారూ. ఈళ్ళ దాంట్లో తలుపంటే గోడలో ఖాళీ. ఖాళీ అంటే ఏవీ లేనట్టే గదండీ. ఏవీ లేనిదాన్ని ఎలా చూపిస్తాదండి పాపం? దాని తప్పేవుంది?"

ఆదెమ్మ బల్ల దాకా వెళ్ళింది. "బాబుగారండి, తలుపులు పెట్టించండి. మా ద్వారబంధం గట్టు మీదే ఉందండి. టేకుదండి."

"అమ్మా, మేము ఉన్నదానిని చూచెదము, లేనిదానిని కల్పించము. నిబంధనావళి యందు తలుపు ఎంత వెడల్పు ఉండవలెనో రాసి ఉన్నది. ఉండి తీరవలెనని ఎచ్చటా లేదు. కాబట్టి ఈ నమూనా యథాతథముగా ఆమోదయోగ్యము."

"మరి లోనికెలా ఎల్తామండి?"

విఠల్ ప్రసాద్ గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "ప్రవేశము అనునది దరఖాస్తుదారుని వ్యక్తిగత విషయము. అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోదు. సందేహముంటే మీ వీధిలో బెల్లం కొట్టు గంగరాజు గృహమును దర్శించండి."

దర్శించాం. గంగరాజు మాకన్నా ముందే ఎలాగో మూడు ఆఫీసుల అనుమతీ తెచ్చుకుని, నమూనా ప్రకారం నాలుగు వైపులా గోడ కట్టేశాడు. మేం వెళ్ళేసరికి నిచ్చెన మీద ఉన్నాడు. కప్పు మధ్యన వెలుతురు కోసం వదిలిన కంతలోంచి భార్య తల బయట పెట్టి చంటిపిల్లని అందిస్తోంది.

"రండి బాబాయ్, రండి పిన్నీ, పైకి రండి. కుడికాలు ముందెట్టండి, మొదటి మెట్టు ఊగుద్ది."

"ఎలా ఉంటన్నావురా?" అంది ఆదెమ్మ.

"అలవాటైపోయింది పిన్నీ. దొంగలు రారు, చుట్టాలు రారు. మా అత్తగారు ఒకసారి వొచ్చి చుట్టూ తిరిగి చూసి, తలుపు కనబడక ఎల్లిపోయింది. బెల్లం దిమ్మలు తాడేసి దించుకుంటన్నాం. ఆఫీసోళ్ళు ఆదర్శ గృహస్థు అని పత్రం కూడా ఇచ్చారు. లోపలెక్కడో ఉంది, పైకి తేవాలంటే మళ్ళీ దిగాలి."

ఆదెమ్మ తిరుగుదారి పట్టింది. గట్టు మీదికి చేరాక ద్వారబంధం పక్కన కూచుని, "నిచ్చెనకి పసుపెక్కడ రాస్తారయ్యా?" అంది.



*

వరద రక్షణ ఆఫీసులో ఇంజనీరు శ్యామసుందరి గారు. చాలా మర్యాదస్తురాలు. కూచోమన్నారు, కుర్చీలు మాత్రం లేవు. వారి ప్రోగ్రాము జలకవచం. పుల్ల గుచ్చగానే తెర మీద గొడుగు మనిషి వచ్చాడు. ఇల్లు రాలేదు. దివాకరం ముక్కు తెరకి ఆనించి వెతికి వెతికి, "అదుగోనండి!" అని అరిచాడు.

గొడుగు మనిషి కాళ్ళ దగ్గర, చెప్పు పక్కన, కూచునే పీటంత ఇల్లుంది.

సంగతేమంటే దివాకరం అడుగుల్లో గీశాడు. జలకవచం వాటిని అంగుళాలు అనుకుంది. మనిషి మాత్రం కొలతల మనిషి కాదట, ఉత్త బొమ్మ. అందుకని ఎక్కడికి వెళ్ళినా ఆరడుగులే ఉంటాడు.

శ్యామసుందరి గారి ముఖం విప్పారింది. "అభినందనలండీ! నా ఉద్యోగ జీవితంలో ఇంతటి దూరదృష్టితో కూడిన గృహ నమూనాను చూడలేదు. వరద హెచ్చరిక వెలువడిన తక్షణం కుటుంబ పెద్ద గృహాన్ని చంకన పెట్టుకుని సురక్షిత ప్రాంతానికి తరలిపోవచ్చు. నష్టపరిహారం ప్రసక్తే లేదు."

"అందులో మేం పట్టంగదండీ అమ్మగారూ," అంది ఆదెమ్మ.

"నివాసితుల పరిమాణం మా శాఖ పరిధిలోకి రాదమ్మా." అంటూనే వారు తెర మీద వేలు పెట్టారు. "నా అభ్యంతరం ఒక్కటే. ఇంటిని ఆనుకుని ఈ నిలువు కట్టడం ఏమిటి? ఇంటికన్నా ఎన్నో రెట్లు ఎత్తుంది. పైభాగం విశాలంగా ఉంది. పునాది వివరాలు లేవు. నీటి ఒరవడికి ఆగుతుందా?"

"అది మనిషండి మేడం," అన్నాడు దివాకరం.

"మా ప్రోగ్రాములో మనిషి అనే వస్తువు లేదండీ. నీళ్ళున్నాయి, గట్లున్నాయి, ఇళ్ళున్నాయి, విద్యుత్ స్తంభాలున్నాయి. మనిషి లేడు. కాబట్టి ఇది స్తంభం కిందికి వస్తుంది."

దివాకరం పుల్ల పీక్కుని బయటికొచ్చి వరండాలో రెండు గంతులు వేశాడు. ఏడుపో నవ్వో తెలియలేదు.

మూడోది గృహ వసతి ఆఫీసు. అక్కడి అధికారి ఎప్పుడూ సీట్లో ఉండరు. వారి కోటుంటుంది, కుర్చీ మీద. కంప్యూటరుంటుంది, బల్ల మీద. వచ్చినవాళ్ళు కోటుకి నమస్కారం పెట్టి పుల్ల వాళ్ళే గుచ్చుకుంటారు. ఆ ప్రోగ్రాము పేరు సొంతగూడు. దానికి పక్కపక్కన ఉండటం తెలియదు, ఒకదాని మీద ఒకటి ఉండటమే తెలుసు. మా అరుగు మీద నడవ పెట్టింది. నడవ మీద గది పెట్టింది. గది మీద వంటిల్లు పెట్టింది. ఇంత ఎత్తు మేడకి లిఫ్టు చూపలేదేమని ఎర్రక్షరాల్లో అడిగింది. కింద గొడుగు మనిషి తాపీగా నిలబడి ఉన్నాడు.

"పెరటి తలుపు ఉందే!" అంది ఆదెమ్మ సంబరంగా. తర్వాత అదెక్కడుందో చూసింది. "అంత పైనుంచి తీసి కుడితినీళ్ళు పారబోస్తే ఎవరి మీద పడతాయయ్యా?"

"ఈయన మీదేనండి," అన్నాడు దివాకరం, తెర మీద వేలు పెట్టి. "అందుకేనండి గొడుగు."

ఆ మాటకి ఆదెమ్మ కూడా నవ్వేసింది. మేం ముగ్గురం ఆ కోటు ముందు నిలబడి చాలాసేపు నవ్వాం.

*

నవ్వినంతసేపు బాగానే ఉంది. రోహిణి ఎండలు ముదిరాయి. మృగశిర దగ్గరికొచ్చేసింది. మృగశిరలో వానలు పడతాయి, కాలవ నిండుతుంది, గట్టు మీద టార్పాలిన్లు ఆగవు. పైపెచ్చు ఆటోవాడు మళ్ళీ వచ్చాడు. మృగశిర ప్రవేశించే నాటికి అనుమతి పొందిన కట్టడం లేని స్థలాలను ఖాళీ స్థలాలుగా భావించి వరద మైదానంలో కలిపేస్తారట.

అంటే ఇల్లే కాదు, ఇల్లు కట్టే నేల కూడా పోతుంది. ఆదెమ్మ ఆ మధ్యాహ్నం అన్నం వండలేదు.

దివాకరం మాత్రం కొట్టు మూసి మా ఇంటి మీదే కూచున్నాడు. నగరదర్శినికి తలుపులు కనబడాలని తలుపుల్ని గోడలుగా గీశాడు. అక్కడ కనబడ్డాయి. వరద ఆఫీసులో అవి అడ్డుకట్టలయ్యాయి. జలకవచానికి సరిపోవాలని కొలతలు పన్నెండింతలు చేశాడు. శ్యామసుందరి గారి దగ్గర ఇల్లు ఇల్లంత అయ్యింది. విఠల్ ప్రసాద్ గారి దగ్గర అది సంతపేట దాటి రైలు గేటు దాకా పోయింది. రైలు వాళ్ళకి నోటీసు ఇవ్వమన్నారు. సొంతగూడు కోసం ఇంటిని పడుకోబెట్టి గీశాడు. అది లేపి నిలబెట్టి, గోడలకి కప్పు వేసి, కప్పుకి కిటికీలు పెట్టింది.

మార్చి మార్చి చివరికి తన గృహశిల్పిలోనే మళ్ళీ తెరిచి చూసుకుంటే మా ఇల్లు అద్దంలో చూసినట్టు పడమటి ముఖం తిరిగి ఉంది.

"బాబాయిగారూ, ఎన్ని తిప్పినా ఆ గొడుగాయన మాత్రం చెక్కు చెదల్లేదండి," అన్నాడు దివాకరం. అతని కళ్ళు గాజుగోళీల్లా అయిపోయాయి. "ఆయనకి తిండి అక్కర్లేదు, ఇల్లక్కర్లేదు. అందుకేనండి."

అలాంటి ఇళ్ళు మాదొక్కటే కాదు. లంక గ్రామాల వాళ్ళంతా పుల్లలు పట్టుకుని ఆ వరండాలో తిరుగుతున్నారు. ఒకడి ఇంట్లో బావి నడవలోకి వచ్చింది. ఒకామె దొడ్డిలో కొబ్బరిచెట్టుకి మేడమెట్లు మొలిచాయి. గొడవ పెద్దదై పైదాకా వెళ్ళింది. పైనుంచి కమిషనరు పూర్ణచంద్రరావు గారు స్వయంగా వస్తున్నారని, నమూనాల సమన్వయ మహోత్సవం జరుపుతారని కబురొచ్చింది.

షామియానా వేశారు. మూడు కంప్యూటర్లనీ తెచ్చి వేదిక మీద పెట్టి బంతిపూల దండలు వేశారు. విఠల్ ప్రసాద్ గారు కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు సొంతగూడు మీద పడ్డాయి. అది ఆనాటి నుంచీ కొంచెం వేగంగా పనిచేస్తోందని అంటారు.

కమిషనరు గారు లేచారు. భారీ మనిషి. మైకు కూడా ఆయన్ని చూసి కూత మానేసింది.

"ప్రజలారా! మూడు శాఖలు మూడు విధములుగా చూచుచున్నవని మీ ఆరోపణ. ఇది లోపము కాదు, ఇది మన వ్యవస్థ యొక్క సంపద! ముగ్గురు సాక్షులు మూడు రకాలుగా చెప్పినప్పుడు న్యాయస్థానం ఏమి చేయును? ముగ్గురి మాటలలో ఏది కలియునో దానినే సత్యమని గ్రహించును. గృహము విషయములోనూ అంతే! మూడు నమూనాలను అద్దము వంటి కాగితముల మీద అచ్చు వేసి, ఒకదానిపై ఒకటి పేర్చెదము. మూడింట కలిసినదే ఇల్లు. కలవనిది భ్రాంతి!"

చప్పట్లు మోగాయి. మొట్టమొదటి పరీక్షకి మా ఇంటినే ఎంచారు. ఎక్కువసార్లు మారిన నమూనా అదేనట.

విఠల్ ప్రసాద్ గారు తలుపుల్లేని ఇంటి కాగితం పట్టుకున్నారు. శ్యామసుందరి గారు పీటంత ఇంటి కాగితం దాని మీద పెట్టారు. గృహ వసతి తరఫున ఎవరూ లేకపోతే కోటు తెచ్చి కుర్చీకి తగిలించి, దాని తరఫున బంట్రోతు నిలువు మేడ కాగితం పెట్టాడు. మూడింటినీ కలిపి ఎండకేసి ఎత్తారు.

గోడలు గోడల మీద పడలేదు. కప్పు కప్పు మీద పడలేదు. వంటిల్లు ఒకచోట, గది ఒకచోట, అంతా ఈగలు వాలిన కాగితంలా ఉంది. కలవని గీతలన్నీ భ్రాంతి కింద దివాకరం చేత చెరిపించారు. చెరిపినకొద్దీ కాగితం తెల్లబడుతూ వచ్చింది. చివరికి మధ్యలో ఒక్కటి మిగిలింది. మూడు గీతలూ ఒకే గీతలా కలిసిపోయి, నల్లగా, నికరంగా.

గొడుగు మనిషి.

కమిషనరు గారి కళ్ళు చెమర్చాయి. అక్కడికక్కడే ఉత్తర్వు చదివారు.

"మట్టపర్తి పేరయ్య దరఖాస్తు చేసుకొనిన గృహములో మూడు శాఖలకు సమ్మతమైన భాగము, గొడుగు ధరించిన మనిషి, ఒకటి. అట్టి గృహమును నిర్మించుకొనుటకు అనుమతి ఇవ్వడమైనది. గోడ, కప్పు, వంటిల్లు మొదలగు అదనపు నిర్మాణములు చేపట్టినచో కూల్చివేయబడును. రేపటి రోజున నిర్మాణము పూర్తి చేసి తనిఖీకి సిద్ధముగా ఉంచవలెను. లేనిచో స్థలము వరద మైదానములో కలుపబడును."

షామియానా కింద మళ్ళీ చప్పట్లు. చప్పట్లు ఆగాక ఆదెమ్మ గొంతు వినిపించింది.

"మరి నా గడపండీ?"

శ్యామసుందరి గారు జాలిగా చెప్పారు. "గడప మూడు చోట్లా లేదమ్మా."

*

తనిఖీకి పెందలాడే వచ్చారు. కమిషనరు గారు, విఠల్ ప్రసాద్ గారు, శ్యామసుందరి గారు, బంట్రోతు చేతి మీద కోటు. నేను మా స్థలం మధ్యలో గొడుగేసుకుని నిలబడ్డాను. ఉన్న స్థలం పోగొట్టుకోలేం గదా. పక్కన ద్వారబంధం గడ్డిలో పడుకుని ఉంది. ఆదెమ్మ దాని మీద కూచుంది.

విఠల్ ప్రసాద్ గారు నమూనా తీసి నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశారు.

"వస్త్రధారణ భిన్నముగా ఉన్నది. నమూనా యందు పంట్లాము కలదు. ఇచ్చట పంచె కనబడుచున్నది."

దివాకరం పొదల చాటుకి వెళ్ళి తన పంట్లాం విప్పి ఇచ్చి, నా పంచె కట్టుకున్నాడు. నడుం దగ్గర బిగిసింది. ఊపిరి సగం తీసుకున్నాను.

"గొడుగు ఎడమ చేతన ఉండవలెను."

మార్చాను.

"ఇప్పుడు అసలైన అభ్యంతరం," అన్నారు శ్యామసుందరి గారు. "నమూనాలోని మనిషికి ముఖం లేదు. ఈయనకి ఉంది. ముక్కు, మీసం, రెండు కళ్ళు. ఇవన్నీ అదనపు నిర్మాణాలే."

ముగ్గురూ ఆలోచనలో పడ్డారు. కూల్చివేయబడును అని ఉత్తర్వులో ఉంది కదా. ఆదెమ్మ లేచి నిలబడింది. "ఆయన మొహం మీద చెయ్యేస్తే ఊరుకోనండోయ్! నలభై ఏళ్ళ నాటి కట్టడం అది!"

కమిషనరు గారు చెయ్యెత్తి శాంతపరిచారు. "కూల్చుట ఎందులకు? వెనుకకు తిరుగవయ్యా."

తిరిగాను. వెనక నుంచి నాకూ ముఖం లేదు. అందరికీ సంతృప్తి కలిగింది. ఎత్తు కొలిచారు, గొడుగు చుట్టుకొలత కొలిచారు. బంట్రోతు ఇంటి నంబరు రేకు తెచ్చి, మేకు ఎక్కడ కొట్టాలని అడిగాడు.  చివరికి గొడుగు చువ్వకి తీగతో వేలాడగట్టారు.

"నివాసయోగ్యమేనా?" అని కమిషనరు గారు అడిగారు.

ఆదెమ్మ వచ్చి గొడుగు కింద నా పక్కన నిలబడింది. "ఒకరికి ఒకరం ఇరుక్కుంటే పడతామండి," అంది. వారు ఆ మాటే రాసుకున్నారు. మా మెడ వెనక నుంచి ఫోటో తీశారు. నిర్మాణం పూర్తయినట్టు పత్రం మీద మూడు ముద్రలు పడ్డాయి. మూడోది కోటు జేబులోంచి తీసి వేశారు.

అప్పుడు పడింది చినుకు. రోహిణి కార్తె పోతూ పోతూ విదిలించిన చినుకు. మా గొడుగు నేను లాకు పనిలో చేరిన నాటిది, నడినెత్తిన చిల్లుంది. నీళ్ళు ఆదెమ్మ పాపట్లో పడ్డాయి. చేత్తో తుడుచుకుని, ఆ చెయ్యి చూసుకుంది. తర్వాత గొడుగు కేసి చూసింది. గడ్డిలో ద్వారబంధం కేసి చూసింది. నలభై ఏళ్ళుగా ఎరుగుదును, ఆవిడ అలా చూసినప్పుడు నేను పక్కకి తప్పుకుంటాను. కాని అప్పుడు ఇల్లు నేనే, కదలకూడదు.

"బాబుగారండి," అంది విఠల్ ప్రసాద్ గారితో, ఎంతో వినయంగా. "ఇల్లు కారతందండి."

"కొత్త గృహములలో సహజమే."

"బాగుచేయించుకోవొచ్చాండి? మళ్ళీ నమూనా గీయించాలాండి?"

విఠల్ ప్రసాద్ గారు నొచ్చుకున్నారు. "ఎంత మాట! నిర్మాణము పూర్తయిన గృహమునకు మరమ్మతులు యజమాని జన్మహక్కు. నమూనా అనునది కొత్త కట్టడమునకే గాని మరమ్మతుకు కాదు. చిత్తము వచ్చినట్లు చేసుకోవచ్చును."

"అంటే ఎందాకా చేసుకోవొచ్చండి?"

"కారుట ఆగువరకు."

"మరి పక్కల నించి జల్లు కొడితేనండి?"

"జల్లు ఆగువరకు. సందేహమెందుకమ్మా, నిబంధన స్పష్టముగా ఉన్నది." కమిషనరు గారు కూడా తలాడించారు. శ్యామసుందరి గారు, వరద శాఖ తరఫున ఇల్లు కారకుండా చూసుకోవడం పౌరుల బాధ్యత అని ఒక ముక్క చేర్చారు. కోటు ఏమీ అనలేదు. అందరూ జీపెక్కి వెళ్ళిపోయారు.

జీపు వంతెన దాటేదాకా ముగ్గురం అలాగే నిలబడ్డాం. తర్వాత దివాకరం, "పిన్నిగారూ!" అని ఆదెమ్మ కాళ్ళ మీద పడబోయాడు. నా పంచె జారింది. ఆదెమ్మ మొహం పక్కకి తిప్పుకుని, "ముందు ఆయన పంట్లాం నువ్వు తీసుకో, నీ పంచె ఆయనకియ్యి," అంది తడబడి. మళ్ళీ ముగ్గురం నవ్వాం. ఈసారి ముందు కోటు లేదు.

"మేస్త్రీకి కబురెట్టు," అంది ఆదెమ్మ, నా చేతిలోంచి గొడుగు అందుకుంటూ. "ఇల్లు కట్టాలని చెప్పకు. గొడుగు కారతందని చెప్పు."

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ ఇటికల బండితో వచ్చాడు. నేను గొడుగు మరమ్మతు మొదలుపెట్టాను. మొదట దానికి ద్వారబంధం నిలబెట్టాను.